కాంటా మీద లారీ ఉందా?

ఆ రోజుల్లో నాకు కంటికి కనిపించిన ప్రతి అక్షరాన్నీ చదివే జబ్బు ఉండేది. ముప్పై ఐదేళ్లు దాటాక చదువు నేర్చినవాళ్లకు ఆ జబ్బు కొంచెం గట్టిగానే పట్టుకుంటుందనుకుంటాను. చివ్వెంల దగ్గర మా ఊళ్లో బస్సెక్కితే సూర్యాపేటలో దిగేదాకా దారి పొడవునా బోర్డులన్నీ పైకే చదివేదాన్ని. ఎరువుల దుకాణం, పళ్ల డాక్టరు, ‘ఈ గోడపై రాయరాదు’ (అని ఆ గోడ మీదే ఇంత పొడుగున రాసి ఉండేది), మిరపకాయ బజ్జీలు చుట్టిచ్చిన కాగితం, నూనె ప్యాకెట్టు వెనక చీమల్లాంటి అక్షరాలు, ఏదీ వదిలేదాన్ని కాదు. మా ఆయన పక్క సీట్లో తల వంచుకొని కూర్చునేవాడు. “జర మెల్లగ సదువే. బస్సంత మన దిక్కే సూస్తున్నరు” అనేవాడు. “సూడనీ. నేనేమన్న తప్పు సదువుతున్ననా?” అని నేను ఇంకొంచెం గొంతు పెంచేదాన్ని. ఆ జబ్బు వల్లనే ఒకసారి మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లుకు పోవలసిన సాఫ్ట్‌వేర్ పోకుండా సూర్యాపేటలోనే ఆగిపోయింది. ఆపింది నేనే. ఆపేటప్పుడు నా చేతిలో గిన్నెలు తోమే పీచు ఉంది.

అప్పుడు నేను బస్టాండుకు కొంచెం అవతల, మందుల దుకాణం పైనున్న ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో అటెండరును. ముప్పై ఏడేళ్ల వయసులో అది నా మొదటి ఉద్యోగం. అంతకుముందు చేసినవన్నీ పొలం పనులే. పొలం పనికి ఎవరూ తాళంచెవి ఇవ్వరు. ఇక్కడ చేరిన మొదటి రోజే సార్ నా చేతిలో ఆఫీసు తాళంచెవి పెట్టాడు. దాన్ని బొడ్లో దోపుకొని ఊళ్లో నడుస్తుంటే, కొత్తగా కాలేజీ దాటి ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఉండే పొగరంతా నాకూ ఉండేది. తాళం తీయడం, ఊడవడం, చాయ్ పెట్టడం, గురువారం గురువారం మెట్లు కడగడం నా పనులు. సార్ సూర్యాపేట మనిషే. హైదరాబాదులో కొన్నేళ్లు పనిచేసి, మన పని మన ఊళ్లోనే చేసుకుందామని వచ్చినవాడు. ఫోన్ వస్తే కూర్చోలేడు. గోడ నుంచి గోడకు నడుస్తూనే మాట్లాడతాడు, అందుకే నా మనసులో ఆయనకు ‘నడిచే సార్’ అని పేరు. ఆయనతో పాటు రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి. సార్‌తో ప్రతి మాటకూ ‘అండీ’ తగిలించే ఆ అమ్మాయిని నేను ‘కోదాడ పిల్ల’ అనేదాన్ని. ఇంకో అబ్బాయి కూడా ఉండేవాడు గానీ, నేను చేరిన రెండు నెలలకే అతనికి హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. నా కథంతా అతను వెళ్లిపోవడంతోనే మొదలైంది.

మా ఆఫీసుకు ఉన్నది ఒకే ఒక్క గిరాకీ, మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లు. వడ్లు తెచ్చిన ట్రాక్టర్లకు వరుసగా టోకెన్లు ఇవ్వడం, లారీ కాంటా మీదికి ఎక్కితే తూకం చూసి చీటీ కొట్టడం, ఇవన్నీ మా వాళ్లు రాసిన ప్రోగ్రాము చేసేది. ఆ ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా అది నేరుగా మిల్లుకు పోదు. క్లౌడులో ఒక వరుస ఉంటుంది, దాన్ని వీళ్లు పైప్‌లైన్ అంటారు. తెర మీద నాలుగు డబ్బాలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. రాసింది మొదటి డబ్బాలో పడుతుంది, రెండో దాంట్లో కూర్పు అవుతుంది, మూడో దాంట్లో తన పరీక్షలు తానే రాసుకుంటుంది, నాలుగోది దాటితే మిల్లు కంప్యూటర్లలోకి దిగిపోతుంది. మనిషి చెయ్యి పెట్టనవసరం లేకుండా అంతా దానంతట అదే. ఒక్క చోట తప్ప. మూడో డబ్బా దాటాక అది ఆగి, ఒక మనిషి ‘సరే’ అనేదాకా ఎదురుచూస్తుంది. ఆ ఆగే చోటును మిల్లు సేటు పట్టుబట్టి పెట్టించాడు. అంతకుముందు సీజనులో సరిగ్గా చూసుకోకుండా పంపిన ఒక మార్పు వల్ల, వచ్చిన ట్రాక్టర్లన్నిటికీ ఒకటో నంబరు టోకెనే వచ్చిందట. గేటు దగ్గర అందరూ ఒకటో నంబరు వాళ్లే. (చివరికి లోపలికి ఎవరు ముందు పోయారో తెలియదు గానీ, గేటు మాత్రం వంగిపోయిందని విన్నాను.) అప్పటి నుంచి, రాసినవాళ్లు కాక ఇంకో మనిషి చూసి ఒప్పుకున్నాకే ఏదైనా తన మిల్లులోకి రావాలన్నది సేటు షరతు.

రాసేది సార్, కోదాడ పిల్ల. చూసి సరే అనే అబ్బాయి వెళ్లిపోయాడు. సార్ ఆఫీసంతా ఒకసారి కలియజూశాడు. కూలరు, నేను కనిపించాం.

“అక్కా, నీకు సదువొచ్చు గద?” అన్నాడు.

“తెలుగొస్తది సార్. ఇంగ్లీషుల పెద్దక్షరాలు వస్తయ్. చిన్నయి ఇంక రాలే.”

“సాలు సాలు. ఆకుపచ్చ బటన్ ఒత్తుడే నీ పని. ఎర్రది మాత్రం ఎన్నడూ ఒత్తకు.”

“సార్, సేటుగారు ఇంకో ఇంజనీరు చూడాలన్నారు కదండీ?” అంది కోదాడ పిల్ల నవ్వు ఆపుకుంటూ.

“ఇంకో మనిషి అన్నడు. ఇంజనీర్ అనలే. నాకు మంచిగ గుర్తున్నది.”

అలా నా పేరు మీద క్లౌడులో ఒక ఖాతా పుట్టింది. పేరు తెలుగులోనే పెట్టమని పట్టుబట్టాను. పెట్టారు. ఇంటికి వెళ్లి చెబితే మా ఆయన మరుసటి రోజు హోటల్ దగ్గర కూర్చొని, “ఇగ మిర్యాలగూడ మిల్లు మా ఇంటామె సేతులనే ఉన్నది. ఆమె సరే అంటెనే వడ్లు కదుల్తయ్” అని చాటింపు వేశాడు. వెక్కిరించడానికే అన్నాడు. కానీ ఊళ్లో సగం మంది నమ్మారు. ఆ సగంలో నేనూ ఉన్నాను.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. మా తల్లిగారి ఊరు మిర్యాలగూడ దిక్కు. నాయన సాగర్ ఎడమ కాలువ మీద లస్కరు, అంటే కాలువ తూములకు షట్టర్లు ఎత్తి దించే మనిషి. ఆయనకు కూడా చదువు లేదు. పైనుంచి నీళ్లు వదలమని చీటీ వస్తే, ఎవరితోనైనా రెండుసార్లు చదివించుకునేవాడు. ఒకే మనిషితో రెండుసార్లు కాదు, ఇద్దరితో చెరొకసారి. తరువాత షట్టరు దగ్గరికి పోయి, ఎత్తే ముందు కట్ట మీద నిలబడి కాలువ పొడవునా వినబడేటట్టు మూడుసార్లు అరిచేవాడు. “లోపల ఎవలన్న ఉన్నరా? ఇడుస్తున్నా!” బట్టలు ఉతికేవాళ్లు, మడుగుల్లో చేపలు పట్టే పిల్లలు, పడుకున్న బర్రెలు, ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండేవాళ్లు. అందరూ గట్టెక్కాకే షట్టరు లేచేది. ఇంజనీరు జీపులో కూర్చొని హారన్ కొట్టినా సరే, ఆయన అరుపులు మూడూ పూర్తి కావలసిందే.

నాకు తెలిసిన గేటు పని అదొక్కటే. అందుకని ఆకుపచ్చ బటన్‌ను నేను అట్లాగే మొదలుపెట్టాను. మొదటిసారి తెర మీద ‘సరే’ అనమని అడిగినప్పుడు అక్కడ ఉన్నదంతా ఇంగ్లీషు చిన్నక్షరాలే. “ఇండ్ల ఏం మారిందో తెలుగుల రాసియ్యి. సదివి ఒత్తుత” అన్నాను. కోదాడ పిల్ల సార్ వైపు చూసింది. సార్ గడియారం వైపు చూశాడు. చివరికి ఆ అమ్మాయి ‘టోకెన్ మీద బండి నంబరు పెద్ద అక్షరాల్లో కనబడేలా మార్చాం’ అని రాసిచ్చింది. నేను తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కింద జరుపుకుంటూ పైకి చదివాను. (తెర మీద వేలి మచ్చలు పడతాయని సార్ బాధ. తుడిచేది కూడా నేనే కదా అని నా ధైర్యం.) చదివాక కూడా బటన్ నొక్కలేదు. మిల్లులో కాంటా దగ్గర కూర్చునే గుమాస్తాకు ఫోన్ చేశాను.

“హలో, సూర్యాపేట ఆఫీసు నుంచి మాట్లాడుతున్న. మీ కాంట మీద లారీ ఉందా?”

“ఉన్నది. ఏమైంది?”

“అది దిగినంక చెప్పున్రి. ఇడువాలె.”

“ఏం ఇడువాలె?”

“నాకు గూడ పూర్తిగ తెల్వదు. గని లారీ దిగినంకనే ఇడుస్త.”

మూడో వారానికి గుమాస్తాకు నా గొంతు అలవాటైపోయింది. నేను హలో అనకముందే “ఇప్పుడే ఎక్కిందమ్మా, నువ్వు పోయి ఇంకో చాయ్ తాగిరా” అనేవాడు. కంప్యూటర్లు నాలుగు నిమిషాల్లో ముగించే పని నా దగ్గరికి వచ్చేసరికి గంట, గంటన్నర పట్టేది. సార్ నా వెనక గోడ నుంచి గోడకు నడుస్తుండేవాడు, ఫోన్ లేకుండానే.

ఇంతలో కోదాడలో మా అక్క బిడ్డ పెళ్లి వచ్చింది. ఒక్క రోజు సెలవు పెట్టి వెళ్లాను. ఫోన్ సంచిలో, సంచి కట్నం గిన్నెల వెనక, గిన్నెలు ఎవరి గదిలోనో. సాయంత్రం దొరికాక చూస్తే ఆఫీసు నుంచి పదిహేడు పిలుపులు. పొద్దున పంపవలసిన మార్పు పొద్దుగూకేదాకా నా ‘సరే’ కోసం ఆగి ఉందట. మరుసటి రోజు భయపడుతూ వెళ్తే సార్ ఒక్క మాట కూడా అనలేదు. “పెండ్లి మంచిగైందా అక్కా?” అని మాత్రం అడిగాడు. అది విని నాకు ఇంకా భయమేసింది.

ఆ తరువాత పది రోజులు నా దగ్గరికి ఒక్క మార్పూ రాలేదు. వీళ్లు పని మానేశారేమో అనుకున్నాను. సీజను ముందర ఇంత బద్ధకమేమిటని మనసులో తిట్టుకున్నాను కూడా. ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒకరి తరువాత ఒకరు బయటికి పోయినప్పుడు కోదాడ పిల్ల బల్ల తుడుస్తుంటే, తెర మీద ఒక జాబితా కనిపించింది. చదివే జబ్బు ఉందని చెప్పాను కదా. అందులో నా పేరుంది. ఒకచోట కాదు, తొమ్మిది చోట్ల. పక్కన ఆకుపచ్చ గుర్తులు, టైములు. గురువారం పదకొండుంబావుకు నేను ‘సరే’ అన్నానని ఉంది. గురువారం పదకొండుంబావుకు నేను మెట్లు కడుగుతున్నాను.

నేను అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది నా పేరే. మాకు చదువు చెప్పిన టీచరమ్మ పలక మీద రాసిచ్చి, “ముందు ఇది నేర్చుకో, మిగిలినయి వాటంతటవే వస్తయ్” అన్నది. దాన్ని నేను లేని చోట ఎవరో వాడుకుంటున్నారు.

కోదాడ పిల్ల రాగానే అడిగాను. ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. “అక్కా, తిట్టకు. సార్ చెప్తే నేనే రాశాను” అంది. తెరా బటనూ లేకుండా ఒక ప్రోగ్రామే నేరుగా క్లౌడుతో మాట్లాడే దారి ఒకటి ఉంటుందట. దాన్ని ఏపీఐ అంటారట. “హోటల్లో కూర్చొని సర్వరును పిలవకుండా, వంటింటి కిటికీలోంచి నేరుగా చెప్పేసినట్టు అక్కా. మొదలుపెట్టు, ఆపు, మళ్లీ చెయ్యి, సరే అను, ఏదైనా చెప్పొచ్చు.”

“అంటే నీ ప్రోగ్రాం నా పేరు చెప్పి సరే అంటదా?”

“అంటుంది.”

“సదివి అంటదా?”

“చదవదు అక్కా. ఐదు నిమిషాలకోసారి వచ్చి చూస్తుంది. ఏదన్నా ఆగి ఉంటే సరే అనేసి పోతుంది.”

అప్పుడే లోపలికి వచ్చిన సార్ అంతా విన్నాడు. “నువ్వు ఒత్తినా అది ఒత్తినా ఒకటే గదక్కా. నీకు పని తప్పింది, సంబరపడాలె” అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

“ఇరవై ఏండ్లు ఏలిముద్రలు ఏసిన సార్. కాయితం మీద ఏం రాసున్నదో తెల్వకపోయేది. గని ఏలు మాత్రం నాదే ఉండేది” అన్నాను.

సార్ నవ్వు ఆగిపోయింది. గోడ దాకా నడిచి, తిరిగి వచ్చి, “సీజన్ కానియ్యక్కా, తర్వాత సూద్దాం” అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో నేను ఒక్క బోర్డు కూడా చదవలేదు. బజారు పనికి వచ్చి నాతోపాటే తిరిగొస్తున్న మా ఆయన భయపడిపోయి నా నుదురు ముట్టుకొని, “పాణం మంచిగ లేదా? దవాఖానకు పోదామా?” అన్నాడు.

ఎర్ర బటన్ ఎన్నడూ నొక్కవద్దని సార్ చెప్పిన రోజు నుంచే నిజానికి నాకు దాని మీద మనసు ఉంది. నా లెక్క సులువైనదే. ఏదైనా మార్పు ఆ ఆగే చోటుకు, అంటే నా గేటు దగ్గరికి రాగానే టింగుమని ఒక చప్పుడు వస్తుంది. అప్పటి నుంచి ఐదు నిమిషాల్లోపు ఆ ప్రోగ్రాము వచ్చి నా పేరు చెప్పి ‘సరే’ అంటుంది. అది రాకముందే నేను నా పేరు చెప్పి ‘వద్దు’ అనాలి. వంట గది పక్కన ఉన్న పాత కంప్యూటర్లో నా ఖాతా తెరిచి పెట్టుకొని కాపలా కాశాను. మొదటి రోజు టింగుమన్నప్పుడు చేతుల నిండా సబ్బు. కడుక్కొని వచ్చేసరికి ఆకుపచ్చ. రెండో రోజు రెండుసార్లు వచ్చింది. ఒకసారి పాలు పొంగాయి, ఇంకోసారి అలవాటు కొద్దీ పైన ఉన్నది చదవడం మొదలుపెట్టాను. అది చదవదు, నేను చదువుతాను. ఇక ఎవరు గెలుస్తారు? ప్రోగ్రాముకు మూడు, నాకు సున్నా.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్లిద్దరూ అన్నం తినడానికి కిందికి పోయారు. ఇంకో రెండు రోజుల్లో మిల్లు సీజను మొదలు. కొత్త టోకెన్ తెర ఆ రోజే పోవాలి. టింగుమంది. పీచు చేతిలో పట్టుకునే పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కాను. అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఒక ఖాళీ గడి తెరుచుకుంది. కారణం రాయమంటోంది. రాయకపోతే కదలదు. నా పది వేళ్లూ కీబోర్డు మీద ఎప్పుడూ ఒకేసారి పనిచేయలేదు, ఒక్క వేలే పనిచేసేది. కీల మీద కోదాడ పిల్ల అంటించిన తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ మొదలుపెట్టాను. ‘నేను’ తొందరగానే వచ్చింది. ‘చ’ ఎక్కడో దాక్కుంది. అది దొరికేసరికి గోడ గడియారంలో మూడు నిమిషాలు దాటాయి. ‘వ’కు బదులు ఇంకేదో పడితే చెరిపాను. నాలుగు నిమిషాలు. ‘లే’ కొట్టాను, ‘దు’ కొట్టాను, పీచుతో సహా ఎంటర్ మీద గుద్దాను. డబ్బా ఎర్రబడింది. నేను రాసిన మొదటి ఆఫీసు కాగితం ఇదీ: ‘నేను చదవలేదు.’

తరువాత ఆ ప్రోగ్రాము వచ్చి, చూసి, చేసేదేమీ లేక వెళ్లిపోయి ఉంటుంది. వెళ్లేటప్పుడు దాని మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకొని చాలాసేపు నవ్వుకున్నాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. గేటు దగ్గర ఎవరు సరే అన్నా, వద్దన్నా ఆ మాట ఉత్తరంలా మిల్లు సేటుకు కూడా పోతుంది. అది కూడా ఆయన షరతే. పది నిమిషాల్లో సార్ ఫోన్ మోగింది. సార్ నడుస్తూ నడుస్తూ మెట్లెక్కి వచ్చాడు, నడుస్తూనే లోపలికి వచ్చాడు, ఉన్నట్టుండి కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్‌లో మాట్లాడుతూ సార్ కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

“సేటు రేపు పొద్దుగాల వస్తున్నడు. ఆ సదవని రెండో మనిషెవరో సూస్తడట” అన్నాడు ఫోన్ పెట్టేసి. “మిల్లు పోతే ఆఫీస్ ఖతం.”

 మిల్లు పోతే నేనొక్కదాన్నే కాదు, కోదాడ పిల్లా పోతుంది, సొంత ఊళ్లో బతుకుదామని వచ్చిన సారూ మళ్లీ హైదరాబాదు బస్సెక్కుతాడు. తిడితే బాగుండునని నిలబడ్డాను. సార్ తిట్టలేదు. “అక్కా, రేపు నువ్వు రాకు. లీవ్ తీస్కో. నేనేదో ఒకటి చెప్త” అన్నాడు. నేను సంచి తీసుకొని తల వంచుకొని వచ్చేశాను. ఇంత పెద్ద ఆలోచన చేసిన ముగ్గురిలో ఒక్కరికీ, ఆఫీసు తాళంచెవి నా బొడ్లోనే ఉందన్న సంగతి గుర్తు రాలేదు.

పొద్దున స్నానం చేసి చీర కట్టుకుంటుంటే నా చేతికి తగిలింది.  మొదటి బస్సు పట్టుకొని పోయాను. కింద మందుల దుకాణంలో ఇచ్చి, ఎవరి కంటా పడకుండా తిరిగి వచ్చేయాలని నా పథకం. దుకాణం ఇంకా తెరవలేదు. పైకి చూస్తే, తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి మెట్ల మీద రుమాలు పరుచుకొని కూర్చున్నాడు.

“ఎవలమ్మా నువ్వు?”

“తాళంచెవి తెచ్చిన.”

“మంచిగైంది. తియ్యి. అద్దగంట సంది కూసున్న.”

సేటేనని అర్థమైంది, ఇక చేసేదేముంది? తాళం తీశాను. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి చాయ్ పెట్టకుండా పోవడం నాకు చేతకాదు. పొయ్యి మీద నీళ్లు పెట్టాను. సేటు మా సార్ కుర్చీలో కూర్చొని నాలుగు గోడలూ చూస్తూ అడిగాడు. “ఆ రెండో ఇంజనీరమ్మ ఎప్పుడొస్తది?”

లీవ్‌లో ఉందని చెబితే సరిపోయేది. సార్ చెప్పబోయేది కూడా అదే. నోరు తెరిచాను గానీ, నా పేరు మీద ఇప్పటికే అయిన అబద్ధాలు గుర్తొచ్చాయి. ఇంకొకటి నా నోటితోనే కలపబుద్ధి కాలేదు.

“వచ్చిందయ్యా” అన్నాను. “చాయ్ పెడుతున్నది.”

సేటు నేను పోసిన చాయ్ తీసుకొని రెండు గుటకలు తాగాడు. “సదవలేదని రాసినవ్. ఎందుకు సదవలే?”

చెప్పాను. తొమ్మిది ‘సరే’లూ, ఐదు నిమిషాలూ, పీచూ, ఏదీ దాచలేదు. నాయన షట్టరు సంగతీ చెప్పాను, లారీ సంగతీ చెప్పాను. సేటు ఫోన్ తీసి గుమాస్తాకు చేసి, బయటికి వినబడేటట్టు బల్ల మీద పెట్టాడు. “మాట్లాడు” అన్నాడు నాతో. ఏం మాట్లాడాలో తెలియక, తెలిసిన ఒక్క మాటే అన్నాను.

“హలో, మీ కాంట మీద లారీ ఉందా?”

“అమ్మా, నువ్వా!” అని గుమాస్తా అరిచాడు, సేటు వింటున్నాడని తెలియక. “ఏమైపోయినవ్ ఇన్ని రోజులు? నువ్వు ఫోన్ బంద్ జేసిన సంది మాకు పరేషాన్ అయితున్నది. మొన్న లారీ కాంట మీదుండంగనే తెర నల్లగైపాయె. తూకం పాయె, చీటీ పాయె. మల్ల ఎనకకు తీసి మల్ల ఎక్కియ్యమంటె, ఆ డ్రైవర్ నన్ను తిట్టిన తిట్లు మా ఇంట్ల వాళ్లు గూడ ఎన్నడు తిట్టలే!”

సరిగ్గా అప్పుడే సార్, కోదాడ పిల్ల మెట్లెక్కి పరుగున వచ్చారు. సార్ నన్ను చూడలేదు. చూసినా అటెండరును చూసినట్టు చూశాడు. చేతులు జోడించి మొదలుపెట్టాడు. “సేట్, నిన్న చిన్న పొరపాటైంది. మా సెకండ్ ఇంజనీర్‌కు పాణం బాగలేదు. లీవ్‌ల ఉన్నది. వచ్చే వారం మీకు కలిపిస్త…” కోదాడ పిల్ల వెనక నుంచి చొక్కా లాగుతూనే ఉంది. సేటు అంతా చెప్పనిచ్చాడు. చాయ్ చివరి గుటక తాగి గ్లాసు బల్ల మీద పెట్టి అడిగాడు.

“లీవ్‌ల ఉన్నామె నాకు చాయ్ ఎట్ల పోసింది?”

కోదాడ పిల్ల చొక్కా లాగడం మానేసింది.

“ఇద్దరు మనుషులు సూడాలె అన్న నేను” అన్నాడు సేటు. “నువ్వు మనిషిని పక్కకు పెట్టి, మనిషి పేరు తీస్కపోయి మెషిన్‌కు తగిలించినవ్. మీ దగ్గర నుంచి ఫోన్‌ల ఎన్ని ఉత్తరాలొచ్చినయో లెక్క లేదు. అన్ని ఇంగ్లీషే. నిన్నొచ్చినది ఒక్కటే నాకు సమజైంది.” తరువాత నా వైపు తిరిగాడు. “ఇప్పుడు సదువమ్మా. నా ముంగటనే సదువు. నీకు సరే అనిపిస్తె సరే అను, లేకపోతె మల్ల ఎర్రది ఒత్తు. నువ్వేది ఒత్తితె అదే.”

నన్ను ఎవరైనా చదవమని అడగడం, అదీ మిల్లు సేటు! కోదాడ పిల్ల ముందు తన ప్రోగ్రామును ఆపేసి, ఆ మార్పు గురించి తెలుగులో ఐదు వరుసలు రాసింది, దాన్ని మళ్లీ గేటు దాకా నడిపించింది. నేను తెర మీద వేలు పెట్టాను.  ఐదు వరుసలు చదవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నాలుగో వరుసలో ‘ట్రాక్టర్లకు’ దగ్గర రెండుసార్లు తడబడి మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎవరూ అందించలేదు. సేటు అందించనివ్వలేదు, చెయ్యి అడ్డం పెట్టాడు. చదవడం అయ్యాక సార్ మౌసు నా వైపు జరిపాడు.

“ఒక్క మాట” అన్నాను. ఫోన్ వైపు వంగి అడిగాను. “కాంట మీద లారీ ఉందా?”

“ఉన్నదమ్మా, ఇప్పుడే ఎక్కింది” అన్నాడు గుమాస్తా.

ఇక తన మిల్లులోని తన లారీ తన కాంటా మీది నుంచి దిగేదాకా సేటు మా ఆఫీసులో కూర్చున్నాడు. నాయన కట్ట మీద నిలబడితే ఇంజనీరు జీపులో కూర్చున్నట్టు. తేడా ఏమిటంటే, ఈయన హారన్ కొట్టలేదు, ఇంకో చాయ్ అడిగాడు. దిగిందని గుమాస్తా అరిచాక ఆకుపచ్చ నొక్కాను. నాలుగో డబ్బా వెలిగింది.

మిల్లు మాతోనే ఉండిపోయింది. సేటు పోయాక సార్ చాలాసేపు నడిచాడు. తరువాత నా దగ్గరికి వచ్చి, “నీ పేరు వాడుకున్నందుకు తప్పైందక్కా” అన్నాడు. నేను పెద్దరికంగా ఏదో అనాలనుకొని, “గ్లాసులు తోముకోవాలె సార్” అని లోపలికి పోయి ఏడ్చాను. కోదాడ పిల్ల ఆ ప్రోగ్రామును చెరిపేయలేదు గానీ, మార్చి రాసింది. ఇప్పుడది నా పేరు చెప్పదు. మిల్లు కాంటాను తానే అడుగుతుంది, మీద లారీ ఉందా అని. ఉంటే ఆగుతుంది. దిగాక నా ఫోన్‌కు గంట కొడుతుంది. బటన్ మాత్రం నాది. ఆ ప్రోగ్రాముకు ఏం పేరు పెట్టమంటావని నన్నే అడిగింది. ‘లస్కరు’ అని పెట్టించాను. నాయన ఉంటే, జీతం ఎంతిస్తున్నారని అడిగేవాడు.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఊడ్చే పనికి ఇంకొకామె వస్తుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చొని మిల్లు తెరల మీది తెలుగు చూస్తాను. ఇంగ్లీషు చిన్నక్షరాలు కూడా వచ్చేశాయి. చదవడం వేగమైంది, వేలు అవసరం లేదు. వేగమైన కొద్దీ ఆ జబ్బు కూడా ఎప్పుడు తగ్గిందో తెలియకుండా తగ్గిపోయింది. బస్సులో బోర్డులు వచ్చి పోతుంటాయి, నేను ఫోన్ చూసుకుంటుంటాను. గుమాస్తాతో మాట్లాడే పని లేదు. అప్పుడప్పుడు ఆయనే ఫోన్ చేసి, “ఏమమ్మా, మా లారీలను అడుగుతనే లేవు?” అంటాడు.

మొన్న మా ఆయనతో సూర్యాపేట వస్తుంటే బస్సులో గంట కొట్టింది. ఫోన్ తీశాను, ఎనిమిది వరుసలు ఉన్నాయి, పై వరుస మీద కన్ను వేసి ఆకుపచ్చ మీదికి బొటనవేలు తీసుకుపోయాను. అంతలోనే కోదాడ పిల్ల ఫోన్. “అక్కా, చదివావా?”

“ఆఁ, సదివిన” అన్నాను.

ఫోన్ పెట్టాక బొటనవేలు అక్కడే ఆగిపోయింది. ఒకప్పుడు పీచు చేతిలో పట్టుకొని ‘నేను చదవలేదు’ అని రాయడానికి నాలుగు నిమిషాలు చెమటోడ్చిన ఆమె గుర్తొచ్చింది. నన్నిప్పుడు చూస్తే ఆమె ఎర్ర బటన్ నొక్కి ఉండేది, అనుమానమే లేదు. నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. బొటనవేలు తీసేసి చూపుడువేలు మొదటి అక్షరం కింద పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాను. ముందు సీటు వాళ్లు తిరిగి చూశారు.

“జర మెల్లగ సదువే” అన్నాడు మా ఆయన. ఈసారి మాత్రం తల వంచుకోలేదు.